కనపడని లొట్ల లెక్క

ఆ రోజుల్లో మా బడిలో ఒక వింత జరిగింది. నేను ఏడో తరగతి సగంలో బడి మానేశాను. మానేసిన కొద్ది రోజులకే మా తరగతి లెక్కల మార్కుల సగటు పెరిగింది. పిల్లలెవరూ కొత్తగా చదివింది లేదు, సారు కొత్తగా చెప్పింది లేదు, నేను లేకపోవడం ఒక్కటే తేడా. ఆ సంతోషంలో లెక్కల సారు తరగతి మొత్తానికీ బొరుగులు పంచాడని, నా వంతు పొట్లం కట్టి ఇంటికి పంపాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. (పొట్లం మాట అబద్ధం. పంచిన మాట మాత్రం నిజమే.) సగటు అంటే ఏమిటో నాకు అలా, నా మీదే ప్రయోగం జరిగి తెలిసింది. ఇక జన్మలో లెక్కల జోలికి పోకూడదనుకుని జీపు నడపడం నేర్చుకున్నాను. ఆ జీపే నన్ను మళ్లీ లెక్కల ముందు కూర్చోబెడుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలైన కాలం. పాల్వంచ నుంచి భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లకు కిరాయి జీపు తిప్పేవాణ్ని. స్టీరింగ్ పట్టుకున్న చేతులు ఎప్పుడైనా ఆగేవేమో గాని నోరు ఆగేది కాదు. అందుకే నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు, అందరికీ 'రేడియో'నే. దానికి నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. మా అడవుల్లో మలుపు తిరిగేముందు మనుషులు దగ్గుతారు, కేకేస్తారు, లేదా పక్కవాడితో గట్టిగా మాట్లాడతారు. మాట వినిపిస్తే ఎలుగుబంటి తన దారిన తను తప్పుకుంటుంది. నేనూ ఆ పద్ధతే పాటించాను. మలుపు లేనిచోట కూడా పాటించాను, అంతే తేడా.

అట్లాంటి నా జీపులోకి ఒక ఎండాకాలం మొదట్లో ఒక మేడం ఎక్కింది. కోస్తా వైపు మనిషి, హైదరాబాద్‌లో పెద్ద చదువు చదువుతోంది. సన్నగా, పొట్టిగా, తలమీద గుడ్డ టోపీతో, చూస్తే గాలికి ఎగిరిపోయేటట్టు ఉండేది. అడవిలో అడుగు పెట్టాక తెలిసింది, ఎగిరిపోయేది మేమేనని. ఆమె పని దుప్పుల్ని, జింకల్ని లెక్కపెట్టడం. దాని కోసం దిక్సూచి పట్టుకుని, అడవికి అడ్డంగా తాడు లాగినంత తిన్నగా ఒక గీత వేసుకుంది. ముళ్లొచ్చినా రాళ్లొచ్చినా ఆ గీత వంకర పోదు. తెల్లవారగానే ఆ గీత మీద మెల్లగా నడవాలి, జంతువు కనపడగానే ఆగాలి, అది గీతకు ఎంత దూరంలో ఉందో కొలవాలి, మళ్లీ నడవాలి. ముందు మేడం, ఆమె పక్కన కోయగూడెం నుంచి వచ్చే పెద్దయ్య, వెనక టేపు మోస్తూ నేను. పెద్దయ్య రోజు మొత్తానికి మాట్లాడేది నేను ఒక్క దమ్ములో మాట్లాడేదానికంటే తక్కువ. మేడం మొదటిరోజే పెదవి మీద వేలు పెట్టి చూపించింది. ఎలుగుబంటి సంగతి చెప్పబోయాను. "అది నిన్ను విని పారిపోతే దాంతోపాటు నా జింకలూ పారిపోతాయి," అంది. అట్లా నోరు మూసుకుని నడవడం నాకు జ్వరంతో నడిచినట్టు ఉండేది. కాని ఆమె మాత్రం, రక్తం పీల్చే గోమార్లు కాళ్ల నిండా పట్టినా, ముళ్లకు చొక్కా చిరిగినా, ఒక్కరోజు కూడా గీత తప్పలేదు, ముఖం చిట్లించుకోలేదు. ఆమెను చూసి నాకు లోపల్లోపల ముచ్చటేసేది. (పైకి అనేవాణ్ని కాదు. రేడియోలో కూడా కొన్ని స్టేషన్లు పట్టవు.)

ఒకరోజు తను దిగిన ఫారెస్టు గెస్ట్‌హౌసు వరండాలో ఆమె చింతగింజలు పేరుస్తుంటే, ఆటేమో అనుకుని కూర్చున్నాను. గీతకు దగ్గరగా కనపడిన జింకకు మొదటి వరసలో ఒక గింజ, కొంచెం దూరంగా కనపడిన దానికి రెండో వరసలో, ఇంకా దూరమైతే మూడో వరసలో. మొదటి వరస పొడుగ్గా ఉంది, తర్వాతి వరసలు పొట్టివవుతూ వచ్చి, చివర్లో ఒకటో రెండో గింజలు మిగిలాయి. పక్కనుంచి చూస్తే పెంకుటింటి కప్పులా వాలింది.

"జింకలు దగ్గర ఎక్కువ, దూరం తక్కువ ఉన్నయన్నట్టా మేడం?" అన్నాను.

"ఎందుకుంటాయి? నేను గీత ఎక్కడ గీశానో వాటికి తెలుసా? అన్నిచోట్లా ఒకలాగే ఉంటాయి. దగ్గరున్నవి మన కంట్లో పడతాయి, దూరమయ్యేకొద్దీ పొదల్లో తప్పిపోతాయి. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడికి ముందున్న ఆకులో కూర అయిపోవడం కనపడుతుంది, నాలుగో బంతిలో ఆకు కనపడదు. అంతమాత్రాన అక్కడ ఆకలి లేదనుకుంటామా?" అని, పొట్టి వరసల పైన ఉన్న ఖాళీ జాగాను వేలితో చుట్టి చూపించింది. "ఇదిగో, ఈ వాలు పైన ఖాళీ ఉందే, ఇవే మనం చూడనివి. ఎంత తొందరగా వాలిందో తెలిస్తే, ఎన్ని తప్పిపోయాయో కట్టొచ్చు."

చూసినవాటిని లెక్కపెట్టడమే చేతకానివాడికి, చూడనివాటిని లెక్కపెట్టే మనిషి కనపడితే ఎట్లా ఉంటుంది! ఆ అబ్బురాన్ని దాచుకోవడం తెలియక, నాకు తెలిసిన ఒకే ఒక పని చేశాను. బస్సులు ఆగే చోట ఉన్న హోటల్‌కు పోయి దాన్ని జోకు చేశాను.

"అన్నా, ఇయ్యాల మేడం చూసిన దుప్పులు నాలుగు, చూడనియి నలభై! నేనూ గదే లెక్క నేర్సుకున్న. తిన్న ఇడ్లీలు మూడు, తినని ఇడ్లీలు ముప్పై. కడుపు పగులుతున్నదే!"

"తినని ఇడ్లీలకు తినని చట్నీ గూడ పోసిన, తాగు," అన్నాడు హోటలాయన. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు బస్సెక్కి, సైకిలెక్కి, చివరికి రేంజరు సారు చెవికెక్కింది.

రేంజరు సారు మంచివాడే, కాని నలుగురూ నవ్వే పని మీద సంతకం పెట్టాలంటే చెయ్యి వణికే మనిషి. మేడం వానాకాలం కూడా అడవిలో తిరగాలంటే ఆయన సంతకం కావాలి. అది లేకపోతే మూటాముల్లె సర్దుకుని పోవడమే. ఎండాకాలం లెక్క ఒక్కటే పట్టుకుని పోతే, ఒక చెయ్యి కుట్టి రెండో చెయ్యి కుట్టని చొక్కాలాంటిదట ఆమె చదువు, తొడుక్కోవడానికి పనికి రాదు. సారు గెస్ట్‌హౌసుకు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏమనుకోకుండ్రి మేడం. హోటల్ల నవ్వుతుండ్రట. రేపు మా పైనోళ్లు అడిగితే నేనేం చెప్పాలె? చూడని జింకల్ని లెక్కగట్టిండ్రంటే నన్ను దవాఖానాకు పంపుతరు. నాకు మొదలు నమ్మకం రావాలె కదా."

మేడం ఎంత చెప్పినా ఆయన తల ఊపుతున్నాడు తప్ప నమ్మడం లేదు. జీపు తుడుస్తున్న నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకుంటే నన్ను రేడియో అని ఎందుకంటారు?

"సారూ, జింకలెన్నో దేవునికెరుక. ఏదన్న మేమే దాస్తే? ఎన్ని దాసినమో నాకు తెల్సు. మేడం నడిసి, చూసి, చెప్పాలె. గప్పుడు తెల్తది కదా!"

నవ్వులాటకే అన్నాను. మేడం మాత్రం నవ్వలేదు. కళ్లు మెరిశాయి. "మంచి మాట చెప్పావు రేడియో. నువ్వే దాచు. ఎన్నో నాకు చెప్పకు."

"తప్పితే?" అన్నాడు సారు.

"తప్పితే సామాను సర్దుకుంటానండీ," అంది ఆమె, చాయ్ తాగుతారా అన్నంత మామూలుగా. నా చేతిలోని గుడ్డ జారి బానెట్ మీద పడింది.

ఏం దాచాలి? మా మేనమామ కల్లు గీస్తాడు. ఆయన పెరట్లో పాత లొట్లు, అంటే కల్లుకుండలు, గుట్టగా పడి ఉండేవి. నల్లగా, మట్టి రంగులో, ఎండుటాకుల్లో పెడితే అచ్చం అడవి వస్తువుల్లా కలిసిపోతాయి. నూట ఇరవై ఏరి జీపులో వేసుకున్నాను. రేంజరు సారు చూసేముందు మనలో మనం ఒకసారి చూసుకుందామంది మేడం. ఊరికి దూరంగా, ఇప్పచెట్లున్న అడవిలో ఆమె కొత్త గీత గీసింది. నేను ఒక్కణ్నే వెళ్లి దాచాను. దాచడంలో నాకు చిన్నప్పటినుంచీ పేరుంది. గీత పక్కన ఒక్కటి పెడితే ఒట్టు! అన్నీ దూరంగా, పొదల వెనక, పుట్టల చాటున, రాళ్ల సందుల్లో. ఈమె ఎట్లా చూస్తుందో చూద్దామని ఈల వేసుకుంటూ వచ్చాను.

మేడం, పెద్దయ్య నడిచి వచ్చారు. వరండాలో గింజలు పేర్చింది. ఎప్పుడూ పొడుగ్గా ఉండే మొదటి వరస దగ్గర ఒక్క గింజ లేదు. రెండో వరసలోనూ లేదు. మధ్యలో గుత్తిగా ఉన్నాయి. ముందుపళ్లు ఊడిపోయిన నోరులా ఉందా బొమ్మ. ఆమె దానివైపు కాసేపు చూసి, నా వైపు చూసి, నవ్వడం మొదలుపెట్టింది. పెద్దయ్య కూడా నవ్వాడు. (ఆయన పళ్లు అప్పుడే మొదటిసారి చూశాను.)

"రేడియో, జంతువులైతే నా అడుగుల చప్పుడు విని గీత నుంచి దూరం జరిగాయనుకుంటాను. లొట్లు జరగవు. జరిపినవాడెవడో ఉన్నాడు."

నేను దొరికిపోయాను. నన్ను ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు, చింతగింజలు పట్టించాయి! మేనమామ పెరట్లోంచి లొట్లు ఎంతో జాగ్రత్తగా తెచ్చాను గాని, నా బుద్ధి ఆ గింజల్లో అచ్చు పడుతుందని ఊహించలేదు.

"దాయమంటే దాసిన మేడం. కనపడేటట్టు పెడితే దాసుడెట్లయితది?"

"నువ్వు నన్ను చూసి దాచావు. జింక నీలాగా దాక్కోదు. దాని మేత మీద అది ఉంటుంది, ఒక్కోసారి దారి మధ్యలోనే నిలబడుతుంది." రెండు పౌడరు డబ్బాల్లో అంకెలు రాసిన చీటీలు వేసి నా చేతికిచ్చింది. మొదటి డబ్బాలో చీటీ గీత వెంట ఎంత దూరం పోవాలో చెబుతుంది, రెండోది గీత నుంచి పక్కకు ఎంత జరగాలో చెబుతుంది. చీటీ ఏం చెబితే అక్కడే పెట్టాలి, సొంత తెలివి వాడకూడదు. (నా సొంత తెలివిని వాడొద్దన్న రెండో మనిషి ఆమె. మొదటివాడు లెక్కల సారు.) మర్నాడు లొట్లన్నీ ఏరుకొచ్చి మళ్లీ పెట్టాను. ఒక చీటీ గీత మీదే పెట్టమంది. అందరూ తొక్కే దారిలో లొట్టి పెట్టి, సిగ్గుతో చుట్టూ చూసి వచ్చాను. ఎక్కడ పెట్టానో, ఎన్ని పెట్టానో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. నా జీవితంలో దాచుకున్న ఒకే ఒక రహస్యం అది.

రేంజరు సారుకు తీరిక దొరికేసరికి కొన్ని రోజులు గడిచాయి. ఆయన వచ్చిన రోజు హోటల్ జనం సగం మంది వెనకే వచ్చారు. మేడం, పెద్దయ్య ముందు నడిచారు. సారు, మేము దూరంగా వెనక. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను, ఎందుకంటే నాకు కనపడుతున్న లొట్టి మేడంకు కనపడనప్పుడల్లా అరవాలనిపించేది. అరిస్తే ఆమె ఓడిపోతుందా గెలుస్తుందా తెలియదు, అరవాలని మాత్రం ఉండేది. వరండాలో గింజలు పేరిస్తే ఈసారి బొమ్మ చక్కగా పెంకుటింటి చూరులా వాలింది. ఆమె కాలిక్యులేటరు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. జనం బీడీలు ముగించారు, కొత్తవి అంటించారు. చివరికి తలెత్తింది.

"ఎనభై దరిదాపుల్లో ఉంటాయండీ. డెబ్బైకి తగ్గవు, తొంభై అయిదు దాటవు."

"గిదేం లెక్క మేడం? ఒక్క నంబరు చెప్పలేరా?" అన్నాడు సారు.

"చూడనిదాని గురించి ఒక్క నంబరు చెప్పేవాళ్లను నమ్మకండి," అంది.

అప్పుడే నేను తువ్వాలు పీకేసి ఒక్క నంబరు చెప్పాను. "నూట ఇరవై! నేను దాసింది నూట ఇరవై!"

జనం ఈలలు వేశారు. ఒకడు నన్ను భుజాన ఎత్తుకున్నాడు. గాల్లోంచి చూస్తే కనపడింది, మేడం ముఖం తెల్లబోయింది. రేంజరు సారు నిజంగానే బాధగా టోపీ పెట్టుకున్నాడు. "మంచిగ కష్టపడ్డరు మేడం. కానీ..." అంటూ లేచాడు. గెలిచినవాణ్ని నేనే, కాని రేపటి నుంచి తెల్లవారుజామున నోరు మూసుకుని నడిచే అడవి ఉండదు కదా అనిపించి, దిగుతానని భుజం మీద నుంచి జారాను.

మేడం నా వైపు చూడలేదు. గింజల వైపు చూసింది. వరసలన్నీ వేలితో ఒక్కొక్కటే తడిమింది. మళ్లీ కాలిక్యులేటరు నొక్కింది. లేచి, సారుకు ఎదురుగా నిలబడి అంది.

"రేంజరు గారూ, ఇతను ఎన్ని పెట్టాడో నాకు తెలియదు. అక్కడ ఇప్పుడు నూట ఇరవై లేవు. ఇంతమంది ఉన్నారు కదా, భుజం భుజం కలిపి గీతకు అటూ ఇటూ, చీటీలు చెప్పినంత దూరమూ దువ్వండి. ఎన్ని దొరికితే అన్ని."

"నేను నా చేతుల్తోటి పెట్టిన మేడం!"

"పెట్టావు. నేను కాదనడం లేదు. లేవంటున్నాను."

ఎంత ధైర్యం! పెట్టినవాడి ఎదురుగా నిలబడి, చూడనిదాన్ని లేదని చెప్పడం. ఇప్పటికీ ఆ నిలబడ్డ తీరు నా కళ్లముందే ఉంది. అందరం వరసగా నిలబడి అడవిని దువ్వాం. పొదా పుట్టా, రాయీ రప్పా ఏదీ వదల్లేదు. లొట్లన్నీ తెచ్చి జీపు ముందు పేర్చి, సారే స్వయంగా లెక్కపెట్టాడు. ఎనభై మూడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనభై మూడే. అంతసేపు నా నోట్లోంచి మాట రాలేదు. పెద్దయ్య నా దగ్గరకొచ్చి, వీడికి ఒంట్లో బాగుందా అన్నట్టు నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఏందిరా, తక్కువ పెట్టి ఎక్కువ చెప్తున్నవా?" అని సారు నా మీద గుడ్లురిమాడు. అమ్మ మీద, జీపు మీద ఒట్టేశాను. అయినా ఎవరూ నమ్మలేదు, నాకే నా మీద నమ్మకం సడలింది. చీటీలు సరిగ్గా చదివానా? నూట ఇరవై అంటే ఎంత? బొరుగులు పంచిన సారు ముఖం కళ్లముందు తిరిగింది. చాయ్ తాగి తేల్చుకుందామని అందరినీ జీపులో ఎక్కించుకుని మా ఇంటికి తీసుకుపోయాను.

వాకిట్లో అడుగు పెట్టి ఆగిపోయాను. గోడ వారన లొట్లు, వరసగా. ఒకదాంట్లో కోళ్లకు నీళ్లు, మిగతావాటి నిండా ఇప్పపువ్వు. పక్కింటి గోడకూ లొట్లే. ఎదురింటి అరుగు మీదా లొట్లే. మా నాయనమ్మ చేటలో ఇప్పపువ్వు చెరుగుతూ కూర్చుంది.

"నాయనమ్మా! గీ లొట్లు యాడియి?"

"అడివిల దొరికినయి రా. పువ్వేరబోతే గంపలు నిండినయి, ఇంక ఏంట్ల తేవాల్నా అనుకుంటే, చెట్టుకింద ఒకటి, దారిల ఒకటి, దేవుడు పెట్టినట్టే పెట్టి ఉన్నయి. అందరం తలా రెండు మూడు తెచ్చుకున్నం."

"అయ్యో, నేను పెట్టిన అయి!"

"నువ్వు పెట్టినవా? మంచి లొట్లు తీస్కపోయి అడివిల పెట్టేటోణ్ని పట్టుకుని, మంత్రం ఏయించాలె అనుకుంటొచ్చినం అందరం. ఇంట్లనే ఉన్నవారా?"

రేంజరు సారు ఒక్కో వాకిలికీ తిరిగి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. అడవిలో దొరికినవాటితో కలిపితే నేను పెట్టిన నూట ఇరవైకి సరిపోయాయి. అంటే నేను అబద్ధమాడలేదు. కాని నిజం మాత్రం మేడం చెప్పింది. ఆయన మా నాయనమ్మ పీట మీద కూర్చుని, ఆమె ఇచ్చిన వేయించిన ఇప్పపువ్వు నములుతూ, ఆ కాయితం తెప్పించుకుని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. మేడం అప్పటిదాకా బిగబట్టి ఉన్నదల్లా గోడకు ఆనుకుని కూలబడి, లొట్టిలో నీళ్లు తాగుతున్న కోళ్లను చూస్తూ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులో కొంచెం ఏడుపు కూడా ఉందని నాకొక్కడికే కనపడిందనుకుంటాను. వానాకాలమంతా ఆమె వెంట బురదలో నడిచాను. ఒక్కసారి కూడా పెదవి మీద వేలు పెట్టాల్సిన అవసరం ఆమెకు రానివ్వలేదు. హోటల్‌లో ఎవరైనా చూడని జింకల మాట ఎత్తితే, వాలు బొమ్మ గీసి, ఖాళీ జాగా చుట్టి చూపించి, వాళ్లు పారిపోయేదాకా వివరించేవాణ్ని.

ఈ మధ్య భద్రాచలంలో మళ్లీ కలిసింది. పెద్ద ప్రొఫెసరు ఇప్పుడు, జుట్టంతా తెల్లబడింది, వెంట నలుగురు విద్యార్థులు. వాళ్ల దగ్గరున్న కంప్యూటరు మీట నొక్కితే చాలు, చింతగింజల వాలు కంటిరెప్ప పాటులో వచ్చేస్తోంది. కొండల ఎత్తు, నీటి దూరం, చెట్ల గుబురు అన్నీ అందులో కలిపి, ఏ మూల ఎన్ని ఉండొచ్చో రంగులేసి చూపిస్తోంది. పిల్లలకు నన్ను చూపించి, "మన రేడియో ఇతనే," అంది. వాళ్లు నన్ను వింతగా, వయసైపోయిన జంతువును చూసినట్టు చూశారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. బట్టతల మీద చెయ్యి తిప్పి, ఊడిపోగా మిగిలిన పళ్లన్నీ బయటపెట్టి నవ్వి అన్నాను.

"నేనేం మారలే మేడం. గప్పుడెట్లున్ననో గట్లనే ఉన్న. గదే జుట్టు, గదే పళ్లు, గదే హుషారు!"

ఆమె కళ్లద్దాలు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి నింపాదిగా చూసింది.

"మళ్లీ పెట్టినవే చెబుతున్నావు రేడియో. ఇప్పుడు ఎన్నున్నాయో అది చెప్పు."